కరపత్రం రాయడం వచ్చు, నిలదీయడమే రాదు

ప్రశ్న: నమస్తే సార్. మాది మర్రిగూడ దగ్గర సర్కారు బడి, తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తాను. కరపత్రం రాయమంటే పిల్లలు 'ప్రజలారా, మేల్కొనండి' అని గబగబా రాసేస్తారు. అదే ఎవరిదైనా కరపత్రం చేతికిచ్చి, ఇందులో వాదన సరిగ్గా ఉందా అంటే 'బాగుంది మేడం' అంటారు, కాదంటే 'అంతా అబద్ధం' అంటారు. ఎట్లా నేర్పాలి?
(ఒక టీచర్, నల్లగొండ జిల్లా)

జవాబు: మేడం, ఇందులో పిల్లల తప్పేం లేదు. పరీక్షలో కరపత్రం రాయమనే అడుగుతాం, ఆకట్టుకునేలా రాస్తే మార్కులేస్తాం, నీ మాటకు ఆధారమేదని ఎన్నడూ అడగం.

మీ ఊళ్లోనే కావలసినంత సరుకుంది. వాటర్ ప్లాంటు వాళ్లు పంచేలాంటి కరపత్రం మీరే బోర్డు మీద రాయండి: 'మా నీళ్లలో ఫ్లోరైడ్ లేదు. ల్యాబ్‌లో పరీక్ష చేయించాం. వందల కుటుంబాలు మా నీళ్లే తాగుతున్నాయి. తాగితే కీళ్ల నొప్పులు పోతాయి.' నిజమా అబద్ధమా అని అడగకండి, ఒక్కో వాక్యం దగ్గర ఆగి 'ఇది నమ్మాలంటే నాకేం చూపించాలి?' అని వాళ్లతోనే అడిగించండి.

ఏ ల్యాబ్? ఏ తేదీ? శాంపిల్ బోరుదా, ఫిల్టరయ్యాక పట్టిందా? లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ అంకె తెలియకుండా రిపోర్టు చదవలేరు కాబట్టి ఆ పీరియడ్‌కు సైన్స్ టీచర్‌ను కూడా పిలవండి. రెండేళ్ల కిందటి రిపోర్టు నిఖార్సైనదే కావచ్చు, కానీ ఆర్‌ఓ మెంబ్రేన్ (ప్లాంటులో నీళ్లను వడకట్టే పొర) పాతబడితే పనితనం తగ్గుతుంది, ఇవాళ్టి క్యాన్ గురించి ఆ కాగితం ఏం చెప్పగలదు? వందల కుటుంబాలు తాగుతున్నదీ నిజమే కావచ్చు, దాంతో వ్యాపారం బాగుందని తెలుస్తుంది, అంతే. ఆధారం అబద్ధం కావడం వేరు, నిజమైన ఆధారమే చెప్పిన మాటకు చాలకపోవడం వేరు. పిల్లలు తడబడేది ఇక్కడే, తొందరపడకుండా ఇంకో పీరియడైనా ఇవ్వండి.

కీళ్ల నొప్పుల మాటకొస్తే, ఫ్లోరోసిస్‌తో, అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చే జబ్బుతో, వంగిపోయిన ఎముకలు మంచినీళ్లు తాగినంత మాత్రాన మళ్లీ నిటారు కావు. ఇంట్లో అలాంటి తాతో నాయనమ్మో ఉన్న పిల్లలు ఈ వాక్యాన్ని మీకన్నా ముందే పట్టుకుంటారు. దయచేసి వాళ్లను లేపి నిలబెట్టి ఉదాహరణగా చూపించకండి.

ఇంతటితో ఆపితే ఏది చదివినా కొట్టిపారేయడం అలవాటవుతుంది. అందుకే తర్వాత వాళ్లకు నచ్చిన మాటనే తీసుకోండి. 'బెల్టుషాపుల వల్లే ఊళ్లో గొడవలు' అని వాళ్లే రాసిన కరపత్రానికి కూడా అవే ప్రశ్నలు పెట్టించండి: ఏ గొడవలు, ఎవరు చూశారు, తాగుడు లేకుండా అయినవి లేవా? షాపతను ఏం జవాబిస్తాడో అదీ రాయమనండి, బలంగా రాయమనండి. వాళ్ల మాట నెగ్గాలనే నాకూ ఉంది, నెగ్గాలంటే ఆధారం కావాలి కదా.

వచ్చే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పేపర్లో 'కరపత్రం రాయండి' కింద ఇంకో లైను కలపండి: 'మీరు రాసినదాంట్లో ఆధారం చూపించాల్సిన వాక్యం ఒకటి గుర్తించి, ఆ ఆధారం ఎక్కడ దొరుకుతుందో రాయండి.' దానికి రెండు మార్కులు విడిగా పెట్టండి.