న్యూజెర్సీలో వంగ, మిరప నారు ఎప్పుడు పోయాలి? డాలస్ లెక్క ఇక్కడ ఎందుకు కుదరదు?

ముందు తేదీలు చెప్పేస్తానండి, కారణాలు తర్వాత. ఎడిసన్ చుట్టుపక్కల అంటున్నారు కాబట్టి వంగ, మిరప నారు ఫిబ్రవరి చివర నుంచి మార్చి మొదటి వారం లోపు ఇంట్లో పోయండి. టమాటా మార్చి చివర. బీర, సొర, కాకర, దోస ఏప్రిల్ చివర్లోనే. గోంగూర, బెండ, తోటకూర ఇంట్లో అసలు వద్దు, మే మూడో వారం దాటాక నేరుగా నేలలో చల్లుకోవడమే.

డాలస్ నుంచి కిందటి వేసవిలో ఇటు మారామని, అక్కడి అలవాటు కొద్దీ జనవరి ఆఖరుకే అన్ని గింజలూ ఒకే ట్రేలో పెట్టేశామని, ఇప్పుడు బీర తీగలు కిటికీ బ్లైండ్స్‌కి చుట్టుకుంటుంటే టమాటా మొలకలు సన్నగా సాగి వాలిపోతున్నాయని రాశారు. గింజల్లో లోపం ఏమీ లేదు. అవి అనుకున్నట్టే మొలిచాయి, మీరు పెట్టిన నెల మాత్రం ఈ ఊరిది కాదు.

మన దగ్గర విత్తడానికి వాన చూస్తాం. మృగశిర కార్తె వచ్చిందా, తొలకరి పడిందా అంతే. ఇక్కడ వానతో పని లేదు, అది ఎప్పుడైనా పడుతుంది. చూడాల్సింది ఆఖరి ఫ్రాస్ట్, అంటే చలికాలం పోయేముందు ఆఖరిసారి గడ్డకట్టే చలి పడే రాత్రి. రాత్రి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి జారితే వంగ, మిరప, పాదులు అన్నీ తెల్లారేసరికి ఉడికించిన ఆకుకూరలా నల్లబడతాయి. అందుకని ఆ తేదీని పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి వారాలు లెక్కేసుకుని నారు పోస్తారు. డాలస్‌లో ఆ తేదీ మార్చి మధ్యలో వస్తుంది, మా వైపు ఏప్రిల్ రెండో సగంలో. అంటే అక్కడ సంక్రాంతికి పోసే వంగ నారు ఇక్కడ శివరాత్రి అటూఇటూగా పోయాలి, టమాటా అయితే ఉగాది ప్రాంతంలో. (పండుగలు తిథిని బట్టి జరుగుతుంటాయి, గుర్తుకు మాత్రమే చెప్తున్నా.) శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందనే మాట ఈ రాష్ట్రంలో మర్చిపోండి, అప్పటికి ఇంకా డ్రైవ్‌వేలో మంచు తోస్తుంటాం.

ఇక్కడ ఒక చిక్కుంది. నెట్‌లో కనిపించే ఆ తేదీ సగటు తేదీ. సగటు అంటే దాదాపు సగం ఏళ్లలో దాని తర్వాత కూడా ఫ్రాస్ట్ పడుతుందనే కదా! 2020లో మే 9న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో మంచు తునకలు రాలాయి, ఆ వారాంతం మదర్స్ డే. ఇక్కడి పాతకాపులు మదర్స్ డేకి ముందు టమాటా బయట పెట్టొద్దంటారు, నేను మిరప, వంగలకు ఇంకో వారం ఎక్కువే ఆగుతాను. రట్గర్స్ ఎక్స్‌టెన్షన్ (ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీ వ్యవసాయ సలహా విభాగం) వాళ్ల ఆఫీసు ప్రతి కౌంటీకీ ఉంది, మీ ఊరి తేదీ వాళ్లను అడగండి, ఎందుకంటే ఇంత చిన్న రాష్ట్రంలోనే ససెక్స్ కొండల వైపు మే నెలలోనూ ఫ్రాస్ట్ పడుతుంది, కేప్ మే వైపు సముద్రం పక్కన చాలా ముందే ఆగిపోతుంది.

జోన్ నంబర్ గురించి కూడా అడిగారు. కూరగాయలకు దాన్ని పట్టించుకోకండి. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) జోన్ మ్యాప్, 2023లో కొత్తది వచ్చింది చూడండి, అది చెప్పేది శీతాకాలంలో మీ ఊళ్లో చలి ఎంత కిందికి దిగుతుందనేది ఒక్కటే. దానిమ్మ, అంజూర చెట్టు బతుకుతుందా లేదా తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ ఆ మ్యాప్‌లో డాలస్, సియాటిల్ దాదాపు పక్కపక్క జోన్లలోనే ఉంటాయి! డాలస్‌లో జూన్ దాటితే ఎండకు టమాటా పూత రాలిపోతుంది, అందుకే వాళ్లు అంత తొందరపడతారు. సియాటిల్‌లో ఫ్రాస్ట్ త్వరగానే పోయినా రాత్రులు చల్లగానే ఉంటాయి, వంగ, బెండ కదలవు. జోన్ దాదాపు ఒకటే, తోటలు రెండు.

ఇక ఇంట్లో పోసే నారు సంగతి. మిరపకు కావాల్సింది అడుగు నుంచి వేడి. మట్టి 80-85 డిగ్రీలుంటే వారం పది రోజుల్లో తల ఎత్తుతుంది, మన బేస్‌మెంట్లలో ఉండే 60 డిగ్రీల్లో అయితే వారాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడుంటుంది, మీరు గింజలు పాడైపోయాయనుకుని పారేస్తారు. హీట్ మ్యాట్ ఒకటి కొనుక్కోండి, ఈ పని మొత్తంలో డబ్బు పెట్టదగ్గ వస్తువులు రెండే, ఇదొకటి, లైటు రెండోది. వంగకూ అంతే. మొలిచాక మ్యాట్ తీసేయాలి, అప్పుడు వేడి ఎక్కువైతే సాగుతాయి.

మొలకలు సాగి పడిపోవడానికి అసలు కారణం వెలుతురు చాలకపోవడం. మా గుంటూరులో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు ఉంటుంది, ఇక్కడ డిసెంబర్‌లో తొమ్మిదింపావుకి దిగుతుంది, ఫిబ్రవరిలో కాస్త పెరిగినా ఆకాశం మబ్బుగానే ఉంటుంది. దక్షిణం కిటికీ అయినా చాలదు. గ్రో లైట్ అని రాసున్న ఖరీదైనది అక్కర్లేదు, గ్యారేజీల్లో వాడే మామూలు ఎల్ఈడీ షాప్ లైటు చాలు, కాకపోతే మొలక తలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే వేలాడాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుతూ ఉండాలి. రోజుకు 14 నుంచి 16 గంటలు, టైమర్ పెట్టేసి మర్చిపోండి. చాలామంది లైటు కొని సీలింగ్‌కి తగిలిస్తారు, దానివల్ల గదికి వెలుగొస్తుంది, మొక్కకు కాదు.

నీళ్లు ఎక్కువ పోయకండి. మొలక మొదలు దగ్గర నొక్కుకుపోయి ఒక్క రాత్రిలో పడిపోతే అది నారుకుళ్లు తెగులు, వచ్చాక మందు లేదనే అనుకోండి. పెరట్లో మట్టి తవ్వి తెచ్చి పెట్టకుండా సీడ్ స్టార్టింగ్ మిక్స్ (గింజలు మొలిపించడానికే అమ్మే తేలికపాటి మిశ్రమం) వాడి, ట్రే అడుగు నుంచి నీళ్లు పట్టించి, చిన్న ఫ్యాన్ తిప్పితే దాదాపు రాదు.

బీర, సొర, కాకరలకు వేర్లు కదిలితే అలుగుతాయి. అందుకే వాటిని ట్రేలో కాకుండా ఒక్కో కప్పులో ఒక్కో గింజ, అదీ బయట నాటడానికి మూడు నాలుగు వారాల ముందే. ముందు పెడితే పెద్ద తీగ వస్తుంది కానీ పాదులో పెట్టాక అది బిగుసుకుని కూర్చుంటే ఆలస్యంగా వేసిన చిన్న మొక్క దాన్ని దాటేస్తుంది. కాకర గింజ తొక్క మందం, గోరు కత్తెరతో అంచు కొద్దిగా నొక్కి రాత్రంతా నానబెట్టండి.

గోంగూర, బెండలకు నేల వేడి ముఖ్యం. వంటింట్లో మాంసానికి వాడే థర్మామీటర్ పొద్దున్నే మట్టిలో గుచ్చి చూడండి, 65-70 వచ్చేదాకా ఆగండి. చల్లటి తడి మట్టిలో బెండ గింజ మొలవదు, కుళ్లిపోతుంది. ఈలోపు చేతులు ఊరుకోకపోతే మెంతికూర, పాలకూర, కొత్తిమీర ఏప్రిల్ మొదట్లోనే బయట చల్లేయండి, వాటికి చలి అంటే భయం లేదు, ఎండలు ముదిరితేనే పూతకొచ్చి చేదెక్కుతాయి. మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాలోవే పనికొస్తాయి, ధనియం మాత్రం నలిపి రెండు ముక్కలు చేసుకోవాలి.

చిక్కుడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు పందిరంతా అల్లుకుంది, ఒక్క కాయ లేదని బాధపడతారు. మన పాత పందిరి చిక్కుడు రకాలు చాలావరకు పగలు తగ్గితేనే పూస్తాయి. ఇక్కడ పగలు తగ్గేది సెప్టెంబర్ చివర, ఫ్రాస్ట్ వచ్చేది అక్టోబర్‌లో, మధ్యలో కాయకు టైమే లేదు. దీన్ని ఎంత ముందు నాటినా లాభం లేదు. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలకు ఆ పట్టింపు లేదు, అలాంటివి దొరికితేనే పెట్టండి. గోంగూరకూ పగటి లెక్కే, కానీ మనకు కావాల్సింది ఆకు కాబట్టి పూత ఆలస్యమవడం మన మంచికే.

గింజల్ని ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా అన్నారు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (గింజల్లో తెగుళ్లు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం) లేకుండా తేకూడదు, ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ మీకెందుకు. గోంగూర, సొర, బీర, గుత్తి వంకాయ రకాలు ఇక్కడ అమ్మేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. పాత ప్యాకెట్ అయితే పది గింజలు తడి పేపర్ టవల్‌లో చుట్టి వెచ్చగా ఉంచి ఎన్ని మొలిచాయో చూసుకోండి.

ఇప్పుడు మీ దగ్గరున్న ట్రే సంగతి. సాగిన టమాటాలు పారేయకండి, పెద్ద కప్పులోకి మార్చి పై ఆకులు మాత్రం బయటుండేలా కాండమంతా పూడ్చేయండి, ఆ కాండం మీదే వేర్లొస్తాయి. లైటు పెట్టండి. వంగ, మిరప మొలకలు నిటారుగా ఉంటే ఉంచుకోండి, పడిపోయి ఉంటే ఈ వారమే మళ్లీ పోయండి, ఇంకా ఆలస్యం కాలేదు. బీర తీగలు మాత్రం పీకేయక తప్పదు, మేలో బయట పెట్టేదాకా వాటిని ఇంట్లో మోయలేరు. మే మొదటి వారం నుంచి నారు రోజూ కాసేపు బయట నీడలో పెట్టి, తర్వాత ఎండలోకి జరుపుతూ వారం పది రోజులు అలవాటు చేయండి, లేకపోతే మొదటి ఎండకే ఆకులు తెల్లగా కాలిపోతాయి. రాత్రులు వరుసగా 55 డిగ్రీలకు పైన ఉంటేనే వంగ, మిరప నేలలో పెట్టండి, ఫోన్‌లో వెదర్ యాప్ చూసి ఒక్క రాత్రి 45 కనిపించినా ఆ రోజుకి ట్రే లోపలికి తెచ్చుకోండి.