‘లో పాథోజెనిక్’ అని రిపోర్టు వస్తే భయం లేనట్టేనా?

ప్రశ్న: నా దగ్గర నలభై నాటుకోళ్లు, పదిహేను బాతులు ఉన్నాయండి. పక్క ఊరి లేయర్ ఫారంలో గుడ్లు బాగా పడిపోతే శాంపిల్ పంపారు. బర్డ్ ఫ్లూయే గానీ ‘లో పాథోజెనిక్’, హెచ్9ఎన్2 అనే రకం అని వచ్చిందట. 2025లో మా వైపు వచ్చింది ‘హైలీ పాథోజెనిక్’ అన్నారు కదా, మరి లో అంటే టెన్షన్ అక్కర్లేదా? ఇంకోటి, కొక్కెర తెగులు (రాణిఖెట్) టీకా సీసా మీద కూడా ‘లెంటోజెనిక్, లైవ్’ అని ఉంది. బతికున్న వైరస్‌ను మనమే వేయడమేంటి? – ఓ రైతు, తణుకు దగ్గర

జవాబు: పాథోజెనిక్ అంటే రోగం పుట్టించేది, అంతేనండి. మూలం గ్రీకు. సూక్ష్మజీవుల వల్లే చాలా రోగాలు వస్తాయని పాశ్చర్, కాక్ లాంటి శాస్త్రవేత్తలు తేల్చిన 19వ శతాబ్దంలో ఈ మాట వైద్యంలో బాగా స్థిరపడింది. మీ తికమకంతా దాని ముందున్న లో, హైలీ దగ్గర ఉంది. అవి బాగా తర్వాత వచ్చి చేరాయి.

1878లో ఇటలీలో పెరోన్సిటో అనే ఆయన కోళ్లను గుంపులుగా చంపేసే ఒక తెగులు గురించి రాశాడు. దాన్ని ‘ఫౌల్ ప్లేగ్’ అనేవారు. అది ఇన్‌ఫ్లుయెంజా వైరసేనని 1955లో గానీ తెలియలేదు. ఈలోగా అదే జాతి వైరస్‌లు కోళ్లను పెద్దగా చంపకుండా కూడా కనిపించడంతో పాత పేరు పనికిరాకుండా పోయింది. 1981లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో శాస్త్రవేత్తలు కూర్చుని, ప్లేగ్ మాట మానేసి ‘హైలీ పాథోజెనిక్’ అందామని నిర్ణయించారు.

మరి హైలీ అని ఎలా తేలుస్తారు? ఆరు వారాల వయసున్న పది కోళ్లకు వైరస్‌ను రక్తనాళంలోకి ఎక్కించి పది రోజులు చూస్తారు. బాగున్న కోడికి రోజుకు 0, జబ్బుపడితే 1, బాగా నీరసించిపోతే 2, చనిపోతే 3. సగటు 1.2 దాటితే హైలీ పాథోజెనిక్. ఇప్పుడు హెచ్5, హెచ్7 రకాలకు వైరస్ జన్యువు చదివి కూడా చెప్పేస్తున్నారు, తేడా అందులోనే కనిపిస్తుంది. హైలీ రకం ఒంట్లో ఏ అవయవంలోనైనా పెరగగలదు, లో రకం ఎక్కువగా ఊపిరి గొట్టం, పేగుల దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ రిపోర్టులో ఉన్నది కోడికి సంబంధించిన లెక్క. మనిషి గురించి గానీ మీ బాతుల గురించి గానీ అది ఏమీ చెప్పదు!

చైనాలో 2013లో బయటపడ్డ హెచ్7ఎన్9 కోళ్లలో ‘లో’యే, కోళ్లు నిక్షేపంగా తిరిగాయి, మనుషుల్లో మాత్రం తర్వాతి కొన్నేళ్లలో 1,500 మందికి పైగా సోకి 600 మందికి పైగా చనిపోయారు. మీ పక్క ఊరిది అది కాదు, కంగారు పడకండి. హెచ్9ఎన్2 మనుషులకు సోకడం అరుదు, సోకినా చాలావరకు తేలిగ్గానే పోయింది. కానీ ‘లో’ అనే ఒక్క మాట చూసుకుని జబ్బు కోళ్లను చేత్తో కోయడం, పిల్లల చేత పట్టించడం చేయొద్దు. కోళ్లకు కూడా ఇది తేలికేమీ కాదు, గుడ్లు పడిపోతాయి, పైన ఈ.కోలై బ్యాక్టీరియా గానీ సీఆర్‌డీ (కోళ్లకు వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు) గానీ తోడైతే మరణాలూ ఉంటాయి. అదే రిపోర్టులో హెచ్5, హెచ్7 అని ఉండి ‘లో’ అని వస్తే ఇంకా జాగ్రత్త, అవి మారగలవు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1983 ఏప్రిల్‌లో లోగా ఉన్న హెచ్5ఎన్2 అక్టోబరుకల్లా హైలీ అయి కూర్చుంది.

మీ ఇంట్లో నాకు ఎక్కువ బెంగ బాతుల గురించే. హైలీ రకం సోకినా కొన్నిసార్లు ఏ లక్షణమూ లేకుండా తిరుగుతూ రెట్టలో వైరస్ వదులుతాయి. వాటిని కోళ్లతో కలపకండి, నీళ్ల తొట్టి వేరుగా పెట్టండి, కాలువలోకి తోలడం కొన్నాళ్లు ఆపండి. ఆ ఫారం నుంచి ట్రేలు, గోనెలు తెచ్చుకోవద్దు. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చస్తున్నా, తురాయి నీలంగా మారినా, తల వాచినా వెంటనే మీ పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. చచ్చినవాటిని కాలువలో మాత్రం పడేయకండి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇక టీకా. కొక్కెర తెగులు వైరస్‌లను గుడ్డులోని పిండాన్ని ఎంతసేపట్లో చంపుతాయో చూసి మూడుగా విడగొట్టారు: 60 గంటల లోపైతే వెలోజెనిక్, 60 నుంచి 90 అయితే మీసోజెనిక్, 90 దాటితే లెంటోజెనిక్. ఎఫ్1, లాసోటా అనే టీకాలు రెండూ ఆ చివరి రకం, రోగం తెచ్చే శక్తి బాగా తక్కువ, కోడి ఒంటికి శత్రువును పరిచయం చేయడానికి సరిపోతుంది. 1880 ప్రాంతంలో పాశ్చర్ కోడి కలరా క్రిమిని బలహీనపరిచి చేసిందీ ఇలాంటి పనే. కాబట్టి నిశ్చింతగా వేయించండి: ఎఫ్1 పిల్ల పుట్టిన వారం లోపు కంట్లో చుక్క, లాసోటా నాలుగో వారంలో నీళ్లలో. ఆర్2బి అనే టీకా మాత్రం మీసోజెనిక్, ఎనిమిది వారాలు నిండాకే రెక్క కింద వేయించాలి, పసి పిల్లలకు వేస్తే అదే రోగం తెస్తుంది. జబ్బుగా ఉన్న గుంపుకు ఏదీ వేయొద్దు. లాసోటా కలిపే నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు, కుళాయి నీళ్లయితే బావి నీళ్లకు మారండి.