మేలో మ్యాపు పని

ప్రశ్న: 1758లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ జరిగిన చందుర్తి యుద్ధం మీద బోర్డు ఆట తయారుచేస్తున్నాను. ఆరు మూలల గళ్లతో ఏ2 సైజు (ఏ4కి నాలుగింతలు) మ్యాపు గీస్తుంటే ఈ ఎండలకి ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోంది. – కాకినాడ పాఠకుడు

జవాబు: ముందు దాన్ని పరుపు మీంచి దించండి బాబూ! నేనూ అలాగే ఒకటి పాడుచేసుకున్నాను. ఏ2కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే దాదాపు మూడున్నర కోట్ల పిక్సెళ్లు. రంగులు 100 డీపీఐలో వేసి చూసుకోండి, ల్యాప్‌టాప్ మీద బరువు తొమ్మిదో వంతే. గళ్లు, దారులు, ఊళ్ల పేర్లు ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్ గీతలుగా (చుక్కలుగా కాక లెక్కలతో గీసేవి) వేరే లేయర్లో, అంటే వేరే పొరలో ఉంచితే ఎంత పెద్దగా అచ్చేసినా చెదరవు. ఇక ఎండ సంగతంటారా, నేనైతే తెల్లవారుజామున ఐదింటికే పనికి కూర్చుంటాను. అన్నట్టు, చందుర్తి యుద్ధం రోజు ఇంగ్లీషు సోల్జర్లు ఎత్తైన చేను చాటున ఫ్రెంచివాళ్లకి కనబడలేదు, ఇంగ్లీషువాళ్ల తరఫున ఉన్న ఎర్రకోటు సిపాయిలనే (మన దేశపు సైనికులు) ఇంగ్లీషువాళ్లనుకున్నారు. మ్యాపులో ఆ చేను గళ్లకి ‘చూపు ఆనదు’ అని గుర్తు పెట్టారా?