పీఎఫ్ తీసి ప్లాటు కొనేముందు ఆర్నెల్ల ఖర్చు ఎక్కడుందో చూసుకోండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. జీడిమెట్లలోని ఓ కంపెనీలో ఎనిమిదేళ్ల ఏడు నెలలుగా సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. చేతికి 32 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 26 వేలు. జీతంలో నెలనెలా పీఎఫ్ 1,800 కోస్తున్నారు గానీ, ఐదు నెలలుగా ఖాతాలో జమ కావట్లేదు. నిరుడు అమ్మ ఆపరేషన్‌కు పీఎఫ్‌లోంచి 80 వేలు తీశాను, చాలక లోన్ యాప్‌లో 30 వేలు తెచ్చాను. అది ఇంకా తీరలేదు. పీఎఫ్‌లో ఇప్పుడు 2.1 లక్షలు ఉన్నాయి. రాజీనామా చేసి, పింఛన్ డబ్బుతో సహా మొత్తం తీసుకుని, 4 లక్షలు పర్సనల్ లోన్ కలిపి షాద్‌నగర్ దగ్గర ప్లాటు కొనొచ్చా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. 4 లక్షలకు 15 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకున్నా ఈఎంఐ 9,500 దాటుతుంది. మీకు నెలకు మిగిలేది 6 వేలు. పైగా అప్పు తెచ్చేది రాజీనామా చేశాక. పీఎఫ్ కట్టలేని కంపెనీ రేపు జీతం కూడా ఆపొచ్చు. అలాంటప్పుడు కొత్త అప్పు నెత్తిన పెట్టుకోవడం ఏమిటి? ప్లాటు మాట ఇక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. అమ్మకు ఆపరేషన్ అన్నప్పుడు మీ దగ్గర విడిగా డబ్బు లేదు. అందుకే పీఎఫ్ మీద చెయ్యి పడింది, తర్వాత యాప్ మీద పడింది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌ఓ లెక్క ప్రకారమే సగం మంది సభ్యులకు తుది సెటిల్‌మెంట్ నాటికి ఖాతాలో 20 వేలు కూడా ఉండట్లేదు. సభ్యుల అవసరానికి డబ్బు ఇవ్వాలి, ముసలితనానికీ మిగల్చాలి. ఫండ్ నడిపేవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయాలు అందులోంచి వచ్చినవే: 25 శాతం ఖాతాలోనే ఉంచాలి, ఉద్యోగం పోయాక మొత్తం తీసుకోవడానికి రెండు నెలలు కాదు 12 నెలలు ఆగాలి, పింఛన్ సొమ్ముకైతే 36 నెలలు. రెండు నెలల్లో అంతా చేతికొస్తుందన్న నమ్మకంతో ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక పింఛన్. పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పింఛన్ వస్తుంది. తొమ్మిదిన్నరేళ్లను పదిగా లెక్కేస్తారు. అంటే మీకు తక్కువైంది పదకొండు నెలలే! ఇప్పుడు తీసేసుకుంటే ఎనిమిదేళ్ల సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. అలాగే ఉంచి 58 దాకా కొనసాగితే, పింఛన్ లెక్కకు తీసుకునే నేటి 15 వేల జీతం సీలింగ్ మీదే నెలకు 5,500 నుంచి 6 వేల దాకా వస్తుంది, మీ తదనంతరం మీ భార్యకు అందులో సగం. కంపెనీ మారాలనుంటే మారండి, వేరేచోట ఉద్యోగం ఖాయం చేసుకున్నాకే. అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ సభ్యుడి నంబరు) మీద ఖాతా బదిలీ చేయించుకుంటే సర్వీసు కలుస్తుంది.

జమకాని డబ్బును మాత్రం ఊరికే వదలొద్దు. ఏ నెలది ఆ నెల, మరుసటి నెల 15లోగా కట్టాలి. ఆలస్యమైతే యాజమాన్యమే వడ్డీ, జరిమానా భరించాలి. మీ జీతంలో కోసి కట్టకపోతే అది నమ్మకద్రోహం కిందికొచ్చే క్రిమినల్ నేరం. ఐదు నెలలకు మీ వాటా 9 వేలు, కంపెనీ వాటా కలిపితే 18 వేలు. ఐదు పే స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింటు పెట్టి ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు చేయండి. ప్రతి నెలా 27న పీఎఫ్ అధికారులు జిల్లాల్లో ‘నిధి ఆప్‌కే నికట్’ శిబిరం పెడతారు, అక్కడికీ వెళ్లండి. ఒక్కరే కాదు, మీతోపాటు డబ్బు ఆగిన పదిమందీ కలిసి ఇవ్వండి, కదలిక తొందరగా వస్తుంది.

ముందుగా ఆ యాప్ బాకీ తీర్చండి. నెలకు మిగిలే 6 వేలూ అటే పెడితే ఆర్నెల్ల లోపు తీరాలి. యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ దగ్గరికి మాత్రం పోకండి, దయచేసి. అది తీరిన నెల నుంచే అదే 6 వేలు బ్యాంకు ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. 1.56 లక్షలు, అంటే ఆర్నెల్ల ఇంటి ఖర్చు, చేరేదాకా దాన్ని ముట్టుకోవద్దు. రెండేళ్లు దాటుతుంది, పర్లేదు. బోనస్ వచ్చినా, ఓవర్‌టైమ్ వచ్చినా అందులోకే. ఉద్యోగం మారితే గ్రాట్యుటీ కూడా అడిగి రాయించుకోండి. అయిదేళ్లు దాటింది కాబట్టి మీకు హక్కుంది. బేసిక్ 18 వేలైతే తొమ్మిదేళ్లకు 93 వేల పైచిలుకు రావాలి. చాలామంది అడక్కుండానే వచ్చేస్తారు. ఆ డబ్బంతా ఈ నిధిలోనే వేయండి, ప్లాటు అడ్వాన్సుకు కాదు.

టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, పీఎఫ్‌తో గరిష్ఠంగా 7 లక్షల దాకా వచ్చే బీమా ఒక్కటే సరిపోదు. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛన్ పథకం) గురించి ఆర్నెల్ల ఖర్చు పోగయ్యాక మాట్లాడుకుందాం. అమ్మగారికి మళ్లీ చూపించాల్సిన తేదీలు, మందుల ఖర్చు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి. నెల ఖర్చు 26 వేలు అన్నారు, అందులో అవి ఉన్నాయో లేదో మీ ఉత్తరంలో లేదు. లేకపోతే 1.56 లక్షల లెక్క పెంచాలి.