సైకాలజీ అడిగితే హ్యాకింగ్ కోర్సా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయింది. ఆన్‌లైన్ మోసాలకు మనుషులు ఎందుకు లొంగుతారో చదువుతానని, సైకాలజీ కావాలని పట్టుబట్టింది. విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో హ్యాక్ చేసి లోపాలు కనిపెట్టడం) కోర్సుకు లక్షన్నర, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. సాయంత్రంలోగా 20 వేలు పంపితే సీటు ఆపుతారట. ఇది మేలా, బీటెక్ సైబర్ సెక్యూరిటీ మేలా?

జవాబు: ముందు ఆ 20 వేలు పంపకండి. ‘సాయంత్రంలోగా’ అనేది మీకు ఆలోచించే వ్యవధి లేకుండా చేయడానికే. పోలీసునని ఫోన్ చేసి డిజిటల్ అరెస్టంటూ బెదిరించే మోసగాడూ అంతే, ఫోన్ పెట్టనివ్వడు, ఇంట్లో చెప్పనివ్వడు. ఇది మోసమనడం లేదు, కిటుకు మాత్రం అదే. మీ అమ్మాయి చదువుతానన్నదీ దీని గురించే. ఆమె అడిగింది సైకాలజీ, మీరు పోల్చమన్నది వేరే రెండు. ఆమె మాట లెక్కలోకే రాలేదేం?

గ్యారంటీ ఉద్యోగం ఏమిటో అడిగారా? సెక్యూరిటీలో కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేది ఎస్ఓసీ (కంపెనీ సిస్టమ్‌లపై దాడులను రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే కేంద్రం) షిఫ్టులు, రాత్రిళ్లు కూడా. అనుమానపు మెయిల్ వస్తే హెడర్ (అది ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలు) తీసి, నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షల ఫలితాలు చూడాలి. లింకును శాండ్‌బాక్స్‌లోనే, అంటే మిగతా సిస్టమ్‌లకు హాని తగలని విడి చోటే తెరవాలి. ఆ మెయిల్ ఇంకెవరికి వెళ్లింది, ఎవరు పాస్‌వర్డ్ ఇచ్చేశారు అన్నది వెతకాలి. నెట్‌వర్కింగ్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాకుండా ఇదేదీ సాగదు. ఇలాంటి కోర్సులు చూపించే సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) సర్టిఫికెట్ రాతపరీక్షలో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలు, బట్టీతో గట్టెక్కవచ్చు. ఓఎస్‌సీపీ అనే మరో సర్టిఫికెట్ పరీక్షలో 23 గంటల 45 నిమిషాల్లో నిజంగా మెషిన్లలోకి చొరబడి చూపాలి, ఆపైన రిపోర్టు రాయాలి. ఆ తేడా కౌన్సెలర్ ఫోన్‌లో చెప్పడు.

అలాగని సైకాలజీ డిగ్రీ ఒక్కటే చూసి సెక్యూరిటీ కంపెనీలు పిలవవు. కంప్యూటర్స్, స్టాటిస్టిక్స్ తోడుండాలి. అప్పుడు బ్యాంకుల ఫ్రాడ్ విభాగాలకు, ఉద్యోగులకు అవగాహన శిక్షణ ఇచ్చే టీములకు దారి ఉంటుంది. అక్కడ ఉత్తుత్తి ఫిషింగ్ (నమ్మించి పాస్‌వర్డ్ లాంటివి లాగే) మెయిల్ పంపి ఎంతమంది క్లిక్ చేశారో లెక్కేస్తారు. మోసమని గుర్తించి ఎంతమంది, ఎంత త్వరగా రిపోర్టు చేశారన్నది అంతకంటే ముఖ్యం. క్లిక్ చేసినవాళ్లను నలుగురిలో తిడితే మరుసటిసారి దాచేస్తారు, అసలు దాడి గంటల తరబడి బయటపడదు. ఇది సైకాలజీ చదివినవాళ్లకు పట్టే విషయం.

సైకాలజీ మేజర్, కంప్యూటర్స్ మైనర్ ఇచ్చే డిగ్రీ కాలేజీ దొరికితే నిక్షేపంగా చేర్పించండి. బీటెక్కే కావాలంటే మామూలు సీఎస్ఈ చాలు. ఒక్క హెచ్చరిక: సరదాకైనా స్నేహితుల మీద ఫిషింగ్ ప్రయోగాలు వద్దనండి. వేరొకరిగా నటించి ఆన్‌లైన్‌లో మోసగిస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు.

ఆడపిల్ల భవిష్యత్తు ఏమవుతుందోనన్న మీ బెంగ అర్థమైంది. 17, 18 ఏళ్లకే ఏం కావాలో ఇంత స్పష్టంగా చెప్పే పిల్లకు దారి మూసుకుపోదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే గ్యారంటీనీ, రీఫండ్ షరతులనూ కాగితం మీద రాసిమ్మనండి.