పాత పటంలో నది వేరే చోట ఉంటే తప్పు పటానిదా, నదిదా?

పాత టోపోషీట్‌ను (కొండలు, నదులు, ఊళ్లు చూపే సర్వే పటాన్ని) ఉపగ్రహ చిత్రం మీద పెడితే నది అర కిలోమీటరు పక్కన కనిపిస్తోందనీ, పటం తప్పా లేక నదే జరిగిందా అనీ అడిగారు కదా. ఇదే చిక్కులో నేను రెండు నెలలు కొట్టుకున్నాను. అదీ నా తెలివితక్కువ వల్లే.

స్కాన్ చేసిన షీటును క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఉపగ్రహ చిత్రానికి సరిపెట్టేటప్పుడు వాగులు కలిసే చోట్లు, నది వంపులే గుర్తులుగా తీసుకున్నాను. నది చక్కగా అతుక్కుంది, కొండలేమో పక్కకి పోయాయి! జరిగిందో లేదో తేల్చాల్సిన నదినే కొలబద్దగా పెట్టుకున్నానన్నమాట. కొండల మీది త్రికోణ సర్వే స్థానాలతో మళ్లీ చేశాక గానీ దారికి రాలేదు. అప్పటి సర్వేయర్లు ముందు ఆ స్థానాలను థియోడొలైట్‌తో (కోణాలు చూసే పరికరం) కొలిచి, తర్వాత ప్లేన్ టేబుల్ (అక్కడికక్కడే పటం గీసే బల్ల) మీద లోయ వివరాలు నింపేవారు. అందుకే శిఖరాలను నమ్మొచ్చు. పొదల మధ్య పాయల్ని మాత్రం కొంత కంటి అంచనాతో గీసి ఉండొచ్చు.

కొండలు, వంతెనలు, నది అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగి ఉంటే అది డేటమ్ తేడా, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే మూల చట్రంలోని తేడా. జపాన్ పాత డేటమ్‌కీ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కీ టోక్యో దగ్గర దాదాపు 450 మీటర్ల తేడా వస్తుంది. నది ఒక్కటే, అదీ వంపుల దగ్గరే జరిగితే అప్పుడు నదిని అనుమానించండి. మైలుకు అంగుళం షీటులో (1:63,360) అర మిల్లీమీటరు గీత అంటేనే నేల మీద 32 మీటర్లు. అంతలోపు తేడాలకి టెన్షన్ పడక్కర్లేదు.

షీటు అంచున సర్వే చేసిన ఏడాది, ముద్రించిన ఏడాది వేరువేరుగా ఉంటాయి, రెండూ చూడండి. రోడ్లు, రైలు మార్గాలు సవరించి నదిని పాతదే ఉంచేసిన షీట్లు ఉంటాయి. నాకు దొరికింది అలాంటిదే. కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) నదిని దాటేచోట ఎగువకి మొనదేలుతాయి. నది ఆ మొనల గుండా పోకపోతే, నదిని తర్వాత మార్చి కాంటూర్లని అలాగే వదిలేసి ఉండొచ్చు.

నాకు బాగా నచ్చే సాక్ష్యం మాత్రం హద్దులు. నీళ్లే లేని చోట ఊరి పొలిమేర మెలికలు తిరుగుతుంటే అది పాత నది దారి కావచ్చు. అమెరికాలో 1881 వరదకి మిసిసిపీ తూర్పుకి జరిగి, కస్కాస్కియా ఊరు పడమటి ఒడ్డున మిగిలింది. రాష్ట్ర సరిహద్దు పాత పాయ వెంటే ఉండిపోయింది కాబట్టి ఆ ఊరు ఇప్పటికీ ఇల్లినాయ్‌దే.

ముందు మీ షీటులో కొండలు ఎంత జరిగాయో కొలిచి ఇక్కడ రాయండి, ఆ తర్వాత నది సంగతి చూద్దాం.