సిమెంటు పదిలం, ఇటుకకే చేటు

ప్రశ్న: మా కాలేజీ పాత భవనానికి సున్నంతో కట్టిన ఎర్ర ఇటుక గోడలు. ఇటుకల మధ్య సందులు రాలిపోతుంటే కొన్నేళ్ల కిందట సిమెంటుతో పూడ్పించారు. ఇప్పుడా సిమెంటు గట్టిగానే ఉంది, ఇటుకలే పెచ్చులూడుతున్నాయి. ఇసుక పిచికారీతో శుభ్రం చేసి, పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తామంటున్నాడు కాంట్రాక్టరు. వేయించవచ్చా?

జవాబు: రెండూ వద్దు. గోడలో చేరిన తేమ ఇదివరకు సున్నపు సందుల గుండా ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసరికి ఇటుకలోంచి ఆరుతోంది. తేమతో వచ్చిన లవణాలు ఇటుక ముఖం వెనకే గడ్డకట్టి పెచ్చును బయటికి తోస్తున్నాయి. కోటింగ్ వేస్తే మిగిలిన ఆ దారీ మూసినట్టే. ఇసుక పిచికారీ అయితే బట్టీలో కాలి గట్టిపడిన పైపొరనే లేపేస్తుంది.

తాపీ పట్టేముందు పైకెక్కి చూడండి. వాన గొట్టం పగిలినా, తూములో చెత్త పేరుకున్నా ముందు అవి బాగుపడాలి. లేదంటే కింద చేసిన పనంతా దండగ.

అసలు కష్టం సిమెంటు తీయడంలోనే ఉంది. సన్నటి ఉలితో, చేత్తోనే తీయించండి. గ్రైండరు పెడితే నిలువు సందుల దగ్గర పైనా కిందా ఇటుకల్లోకి కోసుకుపోతుంది. ఆ గాట్లు ఇక పోవు. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు చాలు: 10 మిల్లీమీటర్ల సందుకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు. ఎక్కడైనా ఇటుక అంచు కూడా ఊడొస్తుంటే, అక్కడి సిమెంటును అలాగే వదిలేయడం మేలు.

కొత్త మిశ్రమం ఇటుక కంటే మెత్తగా ఉండాలి. లోపలి పాత సున్నం ముక్కను పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం కరిగి, సాధారణంగా ఇసుక మిగులుతుంది. ఆ రంగు, ఆ రేణువు ఉన్న ఇసుకే వెతకండి. హైడ్రాలిక్ సున్నం (నీళ్లు కలిపితే గట్టిపడే రకం సున్నం) ఒక పాలు, ఇసుక మూడు పాళ్లతో మొదలుపెట్టి, గోడ మీద ఓ మూల ఒక చదరపు మీటరు నమూనా చేయించండి. పూర్తిగా ఆరేదాకా రంగు తేల్చకండి. తడిలో ఏ సున్నమైనా ముదురుగానే కనబడుతుంది.

సందు తడిపి, పొరలు పొరలుగా కూరాలి. ఇటుక ముఖం మీదికి పులమనివ్వకండి. తర్వాత వారం రోజులైనా తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. ఎండకు గబగబా ఆరితే సున్నం గట్టిపడదు, వేలితో గీకితే పొడిగా రాలుతుంది.

ప్రశ్న: నల్లటి మరకలను యాసిడ్‌తో కడగవచ్చా?

జవాబు: వద్దు, సందుల్లోని సున్నాన్ని తినేస్తుంది. తక్కువ ఒత్తిడి నీళ్లు, నైలాన్ బ్రష్షు చాలు. ఇనుప బ్రష్షు అసలే వద్దు. విరిగి సందుల్లో ఇరుక్కున్న తీగలు తర్వాత తుప్పు మరకలవుతాయి.